లిథియం ఎవరికి పడుతుంది?

బైపోలార్ డిజార్డర్‌కు ఉన్న మందుల్లోకెల్లా పాతది ఎవరికి పనిచేస్తుందో ముందే చెప్పే జన్యు గుర్తు కోసం ప్రపంచమంతా వెతుకుతున్నారు. అంతకన్నా పనికొచ్చే గుర్తు ఒకటి ఇళ్లలోనే ఉంది. దాన్ని బయటికి చెప్పేవారే లేరు

దక్షిణ ఢిల్లీలో ఐఐటీకీ కుతుబ్ ఇన్‌స్టిట్యూషనల్ ఏరియాకూ మధ్య ఇరుక్కుపోయిన ఊరు కటవారియా సరాయ్. పేరుకే ఊరు. పొలాలు ఎప్పుడో పోయాయి. మిగిలింది నాలుగైదు అంతస్తుల మేడలు, రెండు మోటార్‌సైకిళ్లు ఎదురైతే ఒకటి ఆగాల్సిన సందులు, తల మీద కరెంటు తీగల అల్లిక. ఒక్కో అంతస్తునూ చిన్న చిన్న గదులుగా చీల్చి అద్దెకిస్తారు. ఆ గదుల్లో ఉండేది ఇంజనీరింగ్ పూర్తిచేసి గేట్‌కో, ఇంజనీరింగ్ సర్వీసెస్‌కో, సివిల్స్‌కో చదివేవాళ్లు. బీహార్, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్ వారితో పాటు తెలుగు రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లూ ఉంటారు. కింద జిరాక్స్ షాపుల్లో చేతిరాత నోట్సు కట్టలుగా దొరుకుతుంది. రాత్రి రెండు గంటలకూ కిటికీల్లో దీపాలు వెలుగుతూనే ఉంటాయి.

ఇరవై దాటి ముప్ఫై నిండని ఈ వయసు సైకియాట్రిస్టులకు బాగా తెలిసిన వయసు. బైపోలార్ డిజార్డర్ తొలిసారి బయటపడేది ఎక్కువగా పద్దెనిమిదికీ పాతికకూ మధ్యనే. వరుసగా కొన్ని రాత్రులు నిద్ర లేకపోతే చాలు, ఆ జబ్బుకు మొగ్గున్న మనిషిలో మేనియా మొదలుకావచ్చు. మేనియా అంటే మనసు అదుపు తప్పి పైకెగసే దశ. నిద్ర అక్కర్లేదనిపిస్తుంది. మాట ఆగదు. ఆలోచనలు ఒకదాన్నొకటి తరుముకొస్తాయి. ఈసారి ఆలిండియా ఫస్ట్ ర్యాంకు తనదేనన్న ధీమా పుట్టుకొస్తుంది. డబ్బు నీళ్లలా ఖర్చవుతుంది. కొన్ని వారాలకో నెలలకో అంతా తలకిందులై మంచం దిగలేని కుంగుబాటు వస్తుంది. ఇంకెక్కడైనా అయితే మొదటి లక్షణాలు చూసి ఇంట్లోవాళ్లు కంగారు పడతారు. కటవారియా సరాయ్‌లో తెల్లవార్లూ మేల్కొని చదివే కుర్రాణ్ని చూసి అనుమానించేవారుండరు. మెచ్చుకుంటారు.

దేశంలో 2017 నాటికి ఈ జబ్బున్నవారు సుమారు 76 లక్షల మంది అని అంచనా. నిమ్హాన్స్ ఆధ్వర్యంలో 2015-16లో 12 రాష్ట్రాల్లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే వీరిలో 70 శాతం మందికి చికిత్స అందడం లేదని తేల్చింది. ఆ 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, ఢిల్లీ లేవు. అక్కడి పరిస్థితి ఇంతకన్నా మెరుగని అనుకోవడానికి కారణమూ లేదు.

చికిత్స దాకా వచ్చిన ఆ 30 శాతానికి ఎదురయ్యేది మరో చిక్కు. ఏ మందు? లిథియమా, వాల్‌ప్రోయేటా, కార్బమజిపైనా, లేక కొత్త తరం యాంటీసైకోటిక్ మాత్రలా? మేనియాను అప్పటికప్పుడు దించడానికి ఇవన్నీ ఎంతోకొంత పనికొస్తాయి. అసలు పరీక్ష ఆ తర్వాత. జబ్బు మళ్లీ మళ్లీ తిరగబెట్టకుండా ఏది ఆపుతుంది? మందు పనిచేస్తోందని నమ్మకంగా చెప్పాలంటే, మునుపు ఏడాదికి ఎన్నిసార్లు వచ్చేదో ఇప్పుడు ఎన్నిసార్లు వస్తోందో పోల్చాలి. అందుకు ఏడాది, ఒక్కోసారి రెండేళ్లు పడుతుంది. ఈలోగా మందు పడకపోతే ఆ రెండేళ్లూ పోయినట్టే. ఇంజనీరింగ్ సర్వీసెస్‌కు సాధారణ అభ్యర్థుల వయోపరిమితి 30 ఏళ్లు. పాతికేళ్ల వయసులో రెండేళ్లంటే ఎంతో కటవారియా సరాయ్‌లో ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు.

మందు ఎంచుకునేటప్పుడే, చుక్క రక్తమో చెంప లోపలి నుంచి తీసిన కణాలో చూసి ఈ మనిషికి లిథియం పనిచేస్తుంది, ఆ మనిషికి చేయదు అని చెప్పగలిగితే? ఇరవై ఏళ్లకు పైగా జన్యుశాస్త్రవేత్తలను నడిపిస్తున్న ప్రశ్న ఇదే.

పాత ఉప్పు, కొత్త ప్రశ్న

లిథియం కథే విచిత్రం. అది ఏ కంపెనీ ప్రయోగశాలలోనూ పుట్టలేదు. భూమిలో దొరికే ఓ తేలిక లోహం తాలూకు లవణం. ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే డాక్టర్ గినీ పందులకు దాన్ని ఎక్కిస్తే అవి మందకొడిగా పడుకున్నాయి. 1949లో ఆయన పది మంది మేనియా రోగుల మీద ప్రయత్నించి ఫలితాలు ప్రచురించారు. డెన్మార్క్‌లో మోగెన్స్ స్కౌ 1954లో దాన్ని శాస్త్రీయంగా పరీక్షించారు. అమెరికాలో అనుమతి వచ్చింది మాత్రం 1970లో. పేటెంటుకు లొంగని సరుకు కాబట్టి మందుల కంపెనీలకు దాని మీద పెద్దగా మోజు లేదు. మన దేశంలో ఇది అత్యవసర మందుల జాతీయ జాబితాలో ఉంది. మాత్ర ఖరీదు కొద్ది రూపాయలే.

ఈ చవక మాత్ర కొందరిలో చేసే పని అసామాన్యం. ఏళ్ల తరబడి ఆసుపత్రుల చుట్టూ తిరిగిన మనిషికి ఇక ఒక్కసారి కూడా జబ్బు తిరగబెట్టదు. ఉద్యోగం, సంసారం అన్నీ మామూలుగా సాగిపోతాయి. ఇంత బాగా ఫలితం కనిపించేది సుమారు మూడోవంతు రోగుల్లో. మిగిలినవారిలో కొందరికి అంతంతమాత్రం, కొందరికి శూన్యం. ఆత్మహత్యల విషయంలోనూ లిథియంకు మంచి పేరుంది. 2013లో పలు అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, ఉత్తుత్తి మాత్రలు తీసుకున్నవారితో పోలిస్తే ఆత్మహత్యలు 60 శాతానికి పైగా తగ్గినట్టు కనిపించింది. అయితే మాజీ సైనికుల మీద అమెరికాలో జరిగి 2022లో వెలువడిన ఓ పరీక్షలో ఆ తేడా కనిపించలేదు. లిథియం గురించిన వాదం ఇంకా ముగియలేదు.

మరి అందరికీ లిథియంతోనే మొదలుపెట్టవచ్చు కదా? దానికీ ఓ ధర ఉంది. రక్తంలో దాని మోతాదు లీటరుకు 0.6 నుంచి 1 మిల్లీఈక్వివలెంట్ మధ్య ఉండాలి. తగ్గితే పనిచేయదు. 1.5 దాటితే విషం. చేతులు వణుకుతాయి, నడక తడబడుతుంది, ఇంకా పెరిగితే ప్రాణం మీదికొస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ థైరాయిడ్, మూత్రపిండాల మీద కన్నేసి ఉంచాలి. పనిచేయని మనిషి చేత రెండేళ్లు మింగించడానికి ఇది తేలిక మందు కాదు. ప్రత్యామ్నాయమైన వాల్‌ప్రోయేట్‌కు ఇంకో చిక్కుంది. గర్భిణులు వాడితే పుట్టే పిల్లల్లో సుమారు పది శాతం మందికి అవయవ లోపాలు, 30 నుంచి 40 శాతం మందికి ఎదుగుదల సమస్యలు రావచ్చు. పెళ్లి ఈడు అమ్మాయికి ఆ మందు రాసే ముందు డాక్టర్ వెనకాడేది అందుకే. లిథియం పడుతుందో లేదో ముందే తెలిస్తే ఆమెకు కలిగే మేలు ఎంతో ఊహించుకోవచ్చు.

తైవాన్ నుంచి మణిపాల్ దాకా

మందు పనిచేయడం, చేయకపోవడం వంశంలో నడుస్తుందన్న అనుమానం పాతదే. దానికి గట్టి ఆధారం 2002లో దొరికింది. కెనడాలో పనిచేసే పాల్ గ్రోఫ్, మార్టిన్ ఆల్డా బృందం లిథియం బాగా పనిచేసిన రోగుల బంధువుల్లో అదే జబ్బున్నవారిని పరిశీలించింది. వారిలో 67 శాతం మందికి లిథియం స్పష్టంగా పనిచేసింది. పోలిక కోసం తీసుకున్న మామూలు రోగుల్లో అది 35 శాతం. అంటే రమారమి రెట్టింపు. స్పందన రక్తంలోనే ఉందన్నమాట. ఇక మిగిలింది ఆ జన్యువేదో పట్టుకోవడమే అనుకున్నారు.

2014 జనవరిలో పట్టుకున్నామన్నారు కూడా. తైవాన్ పరిశోధకులు చైనా హాన్ జాతికి చెందిన 294 మంది రోగుల జన్యువులను జల్లెడ పట్టి, గ్యాడ్‌ఎల్1 అనే జన్యువులోని రెండు మార్పులను పట్టి 93 శాతం సున్నితత్వంతో స్పందనను గుర్తించవచ్చని ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో ప్రకటించారు. సైకియాట్రీలో అలాంటి అంకె అంతకుముందు ఎవరూ చూడలేదు. పరీక్ష రేపో మాపో బజార్లోకి వస్తుందన్నంత హడావుడి.

ఆ సంబరం నిలవలేదు. జపాన్‌లో చూస్తే ఆ సంబంధం కనిపించలేదు. యూరోపియన్లలో అసలు ఆ మార్పే అరుదు. మన దేశంలో మణిపాల్ పరిశోధకులు కనీసం రెండేళ్లు లిథియం వాడిన 48 మంది రోగులను పరీక్షించి 2015లో ఫలితాలు వెల్లడించారు. ఆ మార్పు కనిపించింది ఒకే ఒక్కరిలో. మిగిలిన 47 మందిలో కొందరికి మందు పనిచేసింది, కొందరికి చేయలేదు. జన్యువు మాత్రం అందరిలో ఒకటే. స్పందనతో సంబంధం కనిపించిన అంశం వేరే ఉంది. రోగి మాత్రలు మానకుండా మింగుతున్నాడా లేదా అన్నది. జన్యువు కోసం వెళ్లినవారికి దొరికింది ఏ కాంపౌండరైనా చెప్పే సంగతి. అది చిన్న అధ్యయనమే. అయినా ఈ మొత్తం వ్యవహారంలో భారతీయుల గురించి నికరంగా తెలిసిన అతి కొద్ది విషయాల్లో అదొకటి.

ఒక్కో దేశం విడివిడిగా వెతికితే లాభం లేదని 2008లోనే కొందరు గ్రహించారు. జర్మనీకి చెందిన థామస్ షుల్జే వంటివారి చొరవతో కాన్‌లీజెన్ అనే అంతర్జాతీయ కూటమి ఏర్పడింది. యూరప్, అమెరికా, ఆస్ట్రేలియా, జపాన్, తైవాన్ ఆసుపత్రుల నుంచి 2,563 మంది రోగుల వివరాలు పోగేసి, 2016లో ‘లాన్సెట్’లో ఫలితం ప్రకటించారు. 21వ క్రోమోజోమ్ మీద ఒక చోట నాలుగు మార్పులు జంటగా కనిపించాయి. అవి ఉన్నవారికి లిథియం మెరుగ్గా పనిచేస్తోంది. అయితే ఆ చోట ప్రొటీన్ తయారుచేసే జన్యువే లేదు. ఇతర జన్యువులను అదుపుచేస్తాయని భావించే ఆర్‌ఎన్‌ఏ తాలూకు భాగాలున్నాయి. అది మెదడులో ఏం చేస్తుందన్నది కొరుకుడు పడని ప్రశ్నగానే ఉండిపోయింది.

2018 నాటికి ఆలోచన మారింది. ఒక్క జన్యువు కోసం కాకుండా వేలకొద్దీ చిన్న చిన్న మార్పులను కలిపి స్కోరు కట్టడం మొదలైంది. కాన్‌లీజెన్ రోగుల్లోనే స్కిజోఫ్రెనియా వైపు జన్యుపరమైన మొగ్గు ఎంత ఉందో లెక్కగట్టారు. ఆ మొగ్గు అతి తక్కువగా ఉన్న పదోవంతు మందికి, అతి ఎక్కువగా ఉన్న పదోవంతు మందితో పోలిస్తే లిథియం పనిచేసే అవకాశం సుమారు మూడున్నర రెట్లుగా తేలింది. 2021లో కుంగుబాటు స్కోరుతోనూ అలాంటి ధోరణే కనిపించింది. మూడున్నర రెట్లంటే చిన్న అంకె కాదు. కానీ అది రెండు కొసల మధ్య తేడా. నడిమి జనంలో, అంటే డాక్టర్ ఎదుట కూర్చునే చాలామందిలో, ఈ స్కోరు చెప్పేది అంతంతే.

ఈ పరిశోధనలన్నిటికీ పునాదిలోనే ఒక బలహీనత ఉంది. జన్యువును యంత్రం పొల్లుపోకుండా చదువుతుంది. దాని పక్కన పెట్టి పోల్చాల్సిన స్పందనను మాత్రం మనిషే అంచనా వేయాలి. ఇందుకు ప్రపంచమంతా వాడేది మార్టిన్ ఆల్డా పేరిట ఉన్న కొలబద్ద. మందుకు ముందు ఎన్నిసార్లు జబ్బు వచ్చింది, తర్వాత ఎన్నిసార్లు, మాత్రలు సరిగా వేసుకున్నాడా, మధ్యలో వేరే మందులు వాడాడా అని అడిగి పదికి మార్కులేస్తారు. ఏడు, ఆపైన వస్తే పనిచేసినట్టు. ఆ జవాబులకు ఆధారం పాత కాగితాలు, రోగి జ్ఞాపకం, ఇంట్లోవాళ్ల జ్ఞాపకం. మూడేళ్ల కిందట ఎన్ని వారాలు కుంగిపోయి ఉన్నారో గుర్తుచేసుకోమంటే ఎంతమంది కచ్చితంగా చెప్పగలరు?

జ్ఞాపకాలతో పనిలేని దారి ఒకటి అమెరికాలోని సాల్క్ ఇన్‌స్టిట్యూట్ తొక్కింది. ఆరుగురు బైపోలార్ రోగుల చర్మకణాలను వెనక్కి మళ్లించి మూలకణాలుగా, వాటిని తిరిగి మెదడు కణాలుగా పెంచారు. 2015లో ‘నేచర్’లో వచ్చిన ఆ అధ్యయనంలో ఆ కణాలన్నీ మామూలుకన్నా ఎక్కువ చురుగ్గా మెరిశాయి. గిన్నెలో లిథియం పోస్తే, ఎవరికి ఆ మందు పనిచేసిందో వాళ్ల కణాలు మాత్రమే సద్దుమణిగాయి. అద్భుతమే. అయితే ఒక్కో రోగికీ ఇలా కణాలు పెంచడానికి నెలలు పడుతుంది, ఖర్చు లక్షల్లో ఉంటుంది. ఔట్ పేషెంట్ విభాగంలో చేసే పరీక్ష కాదిది.

మన రక్తం వేరు

ఇంతకీ ఈ లెక్కలు మనకు వర్తిస్తాయా? 2025 జనవరిలో వెలువడ్డ అతిపెద్ద బైపోలార్ జన్యు అధ్యయనంలో 1,58,036 మంది రోగులున్నారు. జబ్బుతో ముడిపడ్డ 298 చోట్లను గుర్తించారు. రోగుల్ని యూరోపియన్, తూర్పు ఆసియా, ఆఫ్రికన్ అమెరికన్, లాటినో వర్గాలుగా విడదీశారు. దక్షిణాసియాకు ప్రత్యేక వర్గమే లేదు. ప్రపంచ జనాభాలో దాదాపు నాలుగోవంతున్న ప్రాంతమిది.

అది ఎందుకు ముఖ్యమో తెలుగువాళ్లకు ఓ సొంత ఉదాహరణే ఉంది. ఆపరేషన్ థియేటర్లో కండరాల్ని సడలించడానికి సక్సమెథోనియం అనే మందు ఇస్తారు. మామూలుగా కొద్ది నిమిషాల్లో దాని ప్రభావం పోతుంది. ఆర్యవైశ్యుల్లో కొందరికి మాత్రం గంటల తరబడి పోదు. ఊపిరి తీసుకునే కండరాలు కూడా కదలవు. ఆ మందును విరగ్గొట్టే ఎంజైమ్ వాళ్ల రక్తంలో లేకపోవడమే కారణం. ఇది తెలిసిన మత్తు డాక్టర్లు ఆపరేషన్‌కు ముందు కులం అడుగుతారు. అడగడం మర్యాద కాదనిపించినా ప్రాణం కాపాడే ప్రశ్న అది. హైదరాబాద్ సీసీఎంబీకి చెందిన లాల్జీ సింగ్, తంగరాజ్ హార్వర్డ్ శాస్త్రవేత్తలతో కలిసి 2009లో, ఆ తర్వాత 2017లో వెలువరించిన అధ్యయనాలు దీని మూలాన్ని చూపాయి. కొద్దిమంది పూర్వీకులతో మొదలై, తరతరాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకున్న సమూహాల్లో అరుదైన మార్పులు పోగుపడతాయి. 2017 నాటి పరిశీలనలో 260కి పైగా సమూహాల్లో 81కి ఈ లక్షణం ఫిన్లండ్ వాసులకన్నా, అష్కెనాజీ యూదులకన్నా బలంగా ఉంది. అంటే భారతీయులని గంపగుత్తగా లెక్కేసినా సరిపోదు. తైవాన్ పరీక్ష మణిపాల్‌లో తేలిపోయినట్టే, మణిపాల్ ఫలితం మరో చోట తేలిపోవచ్చు.

ఈ పనికి ఢిల్లీలో సత్తా లేక కాదు. మథురా రోడ్డులోని ఐజీఐబీ 2008లో 55 భారతీయ సమూహాల జన్యుపటాన్ని విడుదల చేసిన కూటమికి కేంద్రం. ఆ సంస్థ శాస్త్రవేత్త రీతుశ్రీ కుక్రేతి, నిమ్హాన్స్‌కు చెందిన సంజీవ్ జైన్ తదితరులతో కలిసి స్కిజోఫ్రెనియా మందుల స్పందనపై జన్యు అధ్యయనాలు చేశారు. ఢిల్లీ యూనివర్సిటీ సౌత్ క్యాంపస్‌లో బి.కె.తెల్మా బృందం రామ్ మనోహర్ లోహియా ఆసుపత్రి డాక్టర్లతో కలిసి అదే జబ్బు మీద, మందుల దుష్ఫలితాల మీద ఏళ్ల తరబడి పనిచేసింది. బెంగళూరులో నిమ్హాన్స్, ఎన్‌సీబీఎస్, ఇన్‌స్టెమ్ కలిసి 2016 నుంచి ఒకే ఇంట్లో ఒకరికన్నా ఎక్కువ మందికి మానసిక జబ్బులున్న కుటుంబాలను ఎంచుకుని, వారి కణాలను భద్రపరుస్తూ పరిశోధిస్తున్నాయి. వాటిలో బైపోలార్ ఒకటి. పరిశోధకులున్నారు, ప్రయోగశాలలున్నాయి. లేనిది ఏళ్ల తరబడి వదలకుండా వెంబడించిన వేలమంది రోగుల చరిత్ర.

అమ్మకానికి జవాబులు

ఈ ఖాళీని వ్యాపారం వదిలిపెడుతుందా? చెంప కణాలు పంపితే మీకు ఏ సైకియాట్రీ మందు సరిపోతుందో చెబుతామని కొన్ని వేల రూపాయలు తీసుకునే ల్యాబులున్నాయి. ఈ పరీక్షల్లో ఎక్కువ భాగం చూసేది కాలేయంలో మందుల్ని విరగ్గొట్టే ఎంజైముల జన్యువుల్ని. కొన్ని యాంటీడిప్రెసెంట్లు, యాంటీసైకోటిక్‌ల మోతాదు నిర్ణయించడానికి ఆ సమాచారం కొంత పనికొస్తుంది. లిథియంకు మాత్రం ఏమాత్రం పనికిరాదు. అది కాలేయం గడప తొక్కనే తొక్కదు. ఎలా మింగితే అలాగే మూత్రపిండాల గుండా బయటికి పోతుంది. ఫలానా మందుకు స్పందిస్తారా లేదా అని చెప్పే జన్యు పరీక్షల్లో చాలావాటికి ఆధారం లేదని అమెరికా ఎఫ్‌డీఏ 2018 నవంబర్‌లో హెచ్చరించింది. మరుసటి ఏడాది ఒక ల్యాబుకు నోటీసు కూడా ఇచ్చింది.

బైపోలార్ మందుల్లో నిజంగా నిలబడిన జన్యు పరీక్ష ఒకటుంది. మందు పనిచేస్తుందా అన్నది కాదు, ప్రాణం తీస్తుందా అన్నది చెబుతుంది. కార్బమజిపైన్ కొందరిలో ఒళ్లంతా కాలినట్టు చర్మం ఊడొచ్చే స్టీవెన్స్ జాన్సన్ సిండ్రోమ్ తెస్తుంది. 2004లో తైవాన్‌లో ఇలా జబ్బుపడ్డ 44 మందినీ పరీక్షిస్తే అందరిలోనూ హెచ్ఎల్ఏ-బి 1502 అనే జన్యు రూపం ఉంది. తర్వాత మందు మొదలుపెట్టే ముందే 4,877 మందిని పరీక్షించి, అది ఉన్న 7.7 శాతం మందికి కార్బమజిపైన్ ఇవ్వలేదు. పాత లెక్కన సుమారు పది మందికి రావాల్సిన ఆ జబ్బు ఒక్కరికీ రాలేదు. భారతీయుల్లో ఈ రూపం సగటున 2 నుంచి 4 శాతం మందిలో ఉంటుందని అంచనా. కొన్ని సమూహాల్లో ఇంకా ఎక్కువ. ఈ పరీక్ష అడిగి మరీ చేయించుకోదగ్గది.

డబ్బు ఖర్చులేని గుర్తు

లిథియం సంగతికొస్తే, ఇన్నేళ్ల వెతుకులాట తర్వాత డాక్టర్ చేతిలో ఉన్న మంచి గుర్తులు పాతవే. జబ్బు విడతలుగా వచ్చి మధ్యలో మనిషి పూర్తిగా మామూలుగా ఉండటం ఒకటి. ముందు మేనియా, వెంటనే కుంగుబాటు, తర్వాత విరామం అనే వరుస ఒకటి. ఇక అన్నిటికన్నా సూటి ప్రశ్న: మీ ఇంట్లో ఇంకెవరికైనా ఈ జబ్బు ఉందా, ఉంటే లిథియం పనిచేసిందా? 67కూ 35కూ ఉన్న తేడాను ఆ ప్రశ్న పైసా ఖర్చులేకుండా చెబుతుంది.

కటవారియా సరాయ్ నుంచి ఎయిమ్స్ కొద్ది కిలోమీటర్లే. ఆ కొద్ది దూరం దాటి డాక్టర్ ఎదుట కూర్చున్న తెలుగు కుర్రాడికి ఈ ప్రశ్నకు జవాబు తెలిసే అవకాశం తక్కువ. పెదనాన్న వ్యాపారంలో దెబ్బతిని ఊరొదిలి వెళ్లాడని తెలుసు. మేనత్తకు గాలి సోకిందని తాయెత్తు కట్టించారని తెలుసు. మేనమామ ఏదో మాత్రలు వేసుకునేవాడని లీలగా గుర్తు. తెలుగిళ్లలో ఈ జబ్బుకు పేరుండదు. హైదరాబాద్‌లో అయితే ఎర్రగడ్డ అన్నది ఆసుపత్రి పేరు కాదు, తిట్టు. చెల్లికి సంబంధాలు చూస్తున్నప్పుడు అసలే చెప్పరు. వంశంలో పిచ్చి ఉందంటారని భయం. ఆ భయం అకారణం కాదు. రోగి తోబుట్టువులకు, పిల్లలకు ఈ జబ్బు వచ్చే అవకాశం ఇతరులకన్నా ఐదు నుంచి పది రెట్లు ఎక్కువ. అవతలివాళ్లు అడిగేదీ అందుకే, ఇవతలివాళ్లు దాచేదీ అందుకే. ఇంత పకడ్బందీగా దాచిన రహస్యమే మందు చీటీ రాసేటప్పుడు అక్కరకొస్తుందని ఎవరూ అనుకోరు.

పైగా కుర్రాడూ ఇంటికి చెప్పడు. భూమి తాకట్టు పెట్టి కోచింగ్‌కు పంపిన తండ్రికి ఫోన్ చేసి ఏమని చెబుతాడు? గదిలో తోడున్నవాడికి కూడా తెలియకుండా మాత్ర మింగుతాడు. బాగున్నట్టు అనిపించగానే మానేస్తాడు. మణిపాల్ అధ్యయనం వేలు చూపింది సరిగ్గా అక్కడికే. మానేసిన మందు పనిచేయలేదని మరుసటి డాక్టర్ రాసుకుంటే, పనిచేసే మందు కాస్తా పనిచేయనివాటి జాబితాలో చేరిపోతుంది.

ఢిల్లీ ఎండ మరో శత్రువు. మే, జూన్ నెలల్లో 45 డిగ్రీల వేడిలో చెమటలు కారి ఒంట్లో నీరు, ఉప్పు తగ్గితే మూత్రపిండాలు లిథియంను బయటికి పంపకుండా పట్టి ఉంచుతాయి. మెస్ తిండి పడక విరేచనాలు పట్టుకున్నా అంతే. తలనొప్పికని షాపులో ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కొనుక్కున్నా రక్తంలో లిథియం పెరుగుతుంది. అందుకే మొదట్లో వారానికోసారి, కుదురుకున్నాక మూడు నుంచి ఆరు నెలలకోసారి రక్త పరీక్ష తప్పనిసరి. రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటల తర్వాత, ఉదయం మాత్రకు ముందు రక్తం ఇవ్వాలి. ఈ పరీక్ష ఖర్చు జన్యు పరీక్షతో పోలిస్తే లెక్కలోకి రాదు. తోచనప్పుడు అడగడానికి 2022 అక్టోబర్‌లో మొదలైన టెలీ మానస్ ఉచిత నంబర్ 14416 ఉంది. తెలుగులోనూ మాట్లాడొచ్చు.

ఇక పెద్ద పరిశోధన మాటకొస్తే, జీనోమ్ ఇండియా ప్రాజెక్టు కింద పది వేల మంది భారతీయుల జన్యు సమాచారం 2025 జనవరి నుంచి ఫరీదాబాద్‌లోని జాతీయ డేటా కేంద్రం ద్వారా పరిశోధకులకు అందుబాటులోకి వచ్చింది. పోలికకు అది మంచి పునాది. కానీ అది ఆరోగ్యవంతుల నుంచి సేకరించిన సమాచారం. లిథియం ఎవరికి పడిందో, ఎవరికి పడలేదో అందులో ఉండదు. అది తెలియాలంటే పాత చీటీలు కావాలి. చాలా ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఓపీ చీటీ రోగి దగ్గరే ఉంటుంది. గది మారినప్పుడు, ఊరు మారినప్పుడు అది పోతుంది. మరుసటి డాక్టర్ మళ్లీ మొదటి ప్రశ్న నుంచి అడుగుతాడు.